దొంగ దగ్గర కొన్నా పోయింది, దొర దగ్గర కొన్నా పోయింది

ఈ వారం వచ్చిన ఉత్తరం పెద్దది. రాసినాయన తన పేరు, ఆఫీసు పేరు, స్నేహితుడి పేరు బయట పెట్టొద్దన్నారు. కాబట్టి ఎవరి పేరూ లేకుండానే సంగతి చెబుతాను.

ఆయనది కాకినాడ. వయసు 28. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. పెళ్లయి ఏడాది. ఇంటర్ రోజుల నుంచీ కంప్యూటర్ గేమ్స్ అంటే ప్రాణం. ఇంజినీరింగ్‌లో నాలుగేళ్లూ పక్కన కూర్చున్న స్నేహితుడు మూడేళ్లుగా వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టి గేమ్ కీలు అమ్ముతున్నాడు. కీ అంటే అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్. గేమ్ స్టోర్‌లో మన అకౌంట్ తెరిచి ఆ కోడ్ కొడితే ఆట మన లైబ్రరీలోకి వచ్చేస్తుంది. స్టోర్‌లో 4,999 రూపాయలున్న కొత్త ఆట ఈ స్నేహితుడి దగ్గర 1,600కే దొరికేది.

రెండేళ్లలో ఐదు ఆటలు కొన్నారు. ఏ ఇబ్బందీ రాలేదు. ఆ నమ్మకంతో ఆఫీసులో చెప్పారు. ఒకరి తర్వాత ఒకరు తొమ్మిది మంది ఆ గ్రూపులో చేరారు. ముగ్గురిని చేర్పించినప్పుడల్లా స్నేహితుడు ఈయనకొక కీ ఉచితంగా ఇచ్చాడు. అలా మూడు ఆటలు వచ్చాయి. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు.

పోయిన డిసెంబరులో ఒక పెద్ద గేమ్ విడుదలైంది. పది మందీ తలా 1,600 పెట్టి కొన్నారు. మార్చి 9న ఈయన లైబ్రరీలోంచి ఆ ఆట మాయమైంది. లైసెన్స్ రద్దయిందని మెయిల్ వచ్చింది. పది రోజుల్లో మిగతా తొమ్మిది మందిదీ అదే కథ. ఫోన్ చేస్తే స్నేహితుడు, "సప్లయర్ హ్యాండిచ్చాడు మామా, వారంలో వేరే కీలు ఇప్పిస్తా" అన్నాడు. వారం గడిచాక ఫోన్ ఎత్తడం మానేశాడు. గ్రూపులో అడ్మిన్ తప్ప ఎవరూ మెసేజ్ పెట్టకుండా సెట్టింగ్ మార్చాడు. మొన్న అదే గ్రూపులో ఇంకో కొత్త ఆట అమ్మకానికి పెట్టాడు.

ఇద్దరి నాన్నలూ ఒకే స్కూల్లో టీచర్లుగా చేసి రిటైరయ్యారు. "పదహారు వేల కోసం ఊళ్లో మొహాలు చూసుకోకుండా చేస్తావా" అని ఈయన నాన్నగారి మాట. "గాలిలో కొన్నది గాలిలోనే పోయింది, వదిలేయండి" అని భార్య మాట. ఆఫీసులో ఒకతను, యూపీఐలో డబ్బు మనకు తెలియకుండా పోయిందని బ్యాంకుకు రాసేద్దామంటున్నాడు. కొత్తగా చేరిన ఒక ట్రైనీ అమ్మాయి మొదటి జీతంలో తమ్ముడి కోసం కొనింది. ఆమె డబ్బు అడగలేదు. కానీ క్యాంటీన్‌లో ఎదురైతే తల తిప్పుకుంటోంది. అన్నిటికంటే అదే ఎక్కువ గుచ్చుకుంటోందని రాశారు.

వీటికి తోడు ఇంకొకటి. రెండేళ్ల కిందట సక్రమంగా, అఫీషియల్ స్టోర్‌లో పూర్తి ధర పెట్టి కొన్న ఒక ఆన్‌లైన్ గేమ్ సర్వర్లు ఈ ఏడాది ఆపేస్తున్నామని నోటీసు వచ్చింది. సర్వర్ ఆగితే ఆట తెరుచుకోదు. ఉత్తరం చివర ఇలా ఉంది: "దొంగ దగ్గర కొన్నా పోయింది, దొర దగ్గర కొన్నా పోయింది. ఇక తేడా ఏముంది? ఆ తొమ్మిది మందికీ నేను కట్టాలా? వాడి మీద కంప్లయింట్ ఇస్తే నిలబడుతుందా?"

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ చివరి మాటతోనే మొదలుపెడతాను. అది తేలితే స్నేహితుడి సంగతి ఎలా చూడాలో కూడా కొంత తేలుతుంది.

కోపంలో రాసినా అందులో సగం నిజం ఉంది. డిజిటల్‌గా గేమ్ కొన్నప్పుడు మన చేతికి వచ్చేది ఆడుకోవడానికి అనుమతి మాత్రమే. ఇల్లు అద్దెకు తీసుకుంటే పదకొండు నెలలని అగ్రిమెంట్ మీద గడువైనా రాసి ఉంటుంది. ఇక్కడ గడువు రాయరు. బటన్ మీద మాత్రం "కొనండి" అని ఉంటుంది. ఈ మాట మీదే అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చట్టం చేసింది. అది 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అమ్మేది లైసెన్స్ మాత్రమే అయితే ఆ విషయం స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అనే మాట వాడకూడదు. ఒకసారి దించుకుని ఇంటర్నెట్ లేకుండా ఎప్పటికీ వాడుకోగలిగే వాటికి ఈ చట్టం వర్తించదు. అది అమల్లోకి రావడానికి ముందే, 2024 అక్టోబరులో, కంప్యూటర్ గేమ్స్ అమ్మే పెద్ద ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్ తన కార్ట్ పేజీలో మీరు పొందేది లైసెన్స్ అని ఒక వాక్యం చేర్చింది. ఈసారి ఏదైనా కొనేటప్పుడు చూడండి, కనిపిస్తుంది.

సర్వర్లు ఆపేసిన ఆటల్లో పెద్ద గొడవకు దారి తీసింది ద క్రూ. మీరు కొన్నది అదేనని అనడం లేదు. యూబీసాఫ్ట్ కంపెనీ తెచ్చిన కార్ల పందేల ఆట అది. 2014 డిసెంబరులో వచ్చింది. ఒంటరిగా ఆడినా సర్వర్‌కి కలిసి ఉండాల్సిందే. 2023 డిసెంబరులో అమ్మకం ఆపారు, 2024 మార్చి 31న సర్వర్లు ఆపారు. డిస్క్ కొని అల్మరాలో దాచుకున్న వాళ్లకు కూడా ఆట పోయింది. రాస్ స్కాట్ అనే యూట్యూబర్ ఆ కోపంలోంచే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అనే ఉద్యమం మొదలుపెట్టాడు. యూరోపియన్ యూనియన్‌లో పౌరులు ఒక విషయాన్ని యూరోపియన్ కమిషన్ ముందు పెట్టాలంటే 10 లక్షల సంతకాలు కావాలి. 2025 జులైలో వీళ్ల సంతకాలు ఆ లెక్క దాటాయి. అంతకు ముందే, 2024లో, అదే సిరీస్‌లోని తర్వాతి ఆటలకు ఆఫ్‌లైన్ మోడ్ తెస్తామని యూబీసాఫ్ట్ ప్రకటించింది. ద క్రూ కొన్నవాళ్లకు మాత్రం ఆ ఆట తిరిగి రాలేదు.

కాబట్టి దొర దగ్గర కొన్నా పోతుందన్న మాట నేను కొట్టిపారేయను. కానీ పోయాక ఏమవుతుందో చూడండి. పెద్ద స్టోర్ దగ్గర కొంటే అడగడానికి ఒక పేరుంది, చూపించడానికి ఒక బిల్లుంది, వాళ్లు ముందే రాసి పెట్టిన ఒక నియమం ఉంది. ఆ నియమం నచ్చకపోతే దాన్ని మార్పించడానికి కోర్టు ఉంది. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకపోతే డబ్బు వెనక్కిస్తారు కదా. ఆ సౌకర్యం 2015 జూన్‌లో వచ్చింది. దానికి ముందు ఏడాది, 2014లో, ఆస్ట్రేలియా వినియోగదారుల కమిషన్ స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ మీద కేసు వేసింది. ఆటలకు రీఫండ్ ఉండదని చెప్పి జనాన్ని తప్పుదారి పట్టిస్తున్నారన్నది ఆరోపణ. మేం అమెరికా కంపెనీ, ఆస్ట్రేలియా చట్టం మాకు వర్తించదని వాళ్ల వాదన. కోర్టు ఒప్పుకోలేదు. 2016లో 30 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది.

మన దగ్గర కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఈ-కామర్స్ అనే మాటకు అర్థం రాస్తూ డిజిటల్ ఉత్పత్తులను పేరు పెట్టి చేర్చారు. అందుకే "గాలిలో కొన్నది" అన్న మీ శ్రీమతి గారి మాటలో బాధ నాకు అర్థమైంది గానీ, చట్టం దృష్టిలో అది గాలి కాదు. 2020 ఈ-కామర్స్ నియమాలు విదేశంలో ఉండి మన వాళ్లకు క్రమంగా అమ్మే కంపెనీలకూ వర్తిస్తాయి. కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌ని పెట్టాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఇన్ని రోజుల్లోపు వాపసు ఇవ్వాలని గేమ్‌లకు ప్రత్యేకంగా గడువైతే మన చట్టంలో లేదు. కానీ వస్తువు లోపంతో ఉన్నా, చెప్పినట్టు లేకపోయినా డబ్బు వెనక్కివ్వనని అమ్మినవాడు అనడానికి వీల్లేదు.

మీ ఆన్‌లైన్ ఆట విషయంలో ఒక మెయిల్ పెట్టండి. రెండేళ్లలో 400 గంటలు ఆడానని మీరే రాశారు కాబట్టి మొత్తం ధర తిరిగొస్తుందని ఆశ పెట్టను. కానీ ఆటలో ఈ మధ్య డబ్బు పెట్టి కొన్న కాయిన్లు, పాస్‌లు ఉంటే వాటి సంగతి విడిగా అడగండి. ఆఫ్‌లైన్‌లో ఆడుకునే వీలు ఇస్తారా అని కూడా అడగండి. మూసేస్తారని తెలియక మొన్నమొన్న కొన్నవాళ్లు ఎవరైనా మీకు తెలిస్తే వాళ్ల పట్టు మీకంటే గట్టిది. వాళ్లను కూడా రాయమనండి.

ఇక కీల సంగతి. 4,999 ఉన్నది 1,600కి ఎలా వస్తోందని రెండేళ్లలో ఒక్కసారైనా మీ స్నేహితుణ్ని అడిగారా? ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. చవక కీలన్నీ దొంగవి కావు. వేరే దేశంలో తక్కువ ధరకు అమ్మినవి, పాత ఆఫర్లలో కొని దాచినవి కూడా తిరుగుతుంటాయి. కానీ దొంగిలించిన క్రెడిట్ కార్డులతో కొన్న కీలు కూడా వాటిలో కలిసిపోతాయి. కార్డు అసలు యజమాని బ్యాంకుకు ఫిర్యాదు చేస్తాడు. బ్యాంకు డబ్బు వెనక్కి లాక్కుంటుంది. ఆట చేసినవాళ్లకు అమ్మకం డబ్బూ పోయి, పైన జరిమానా కూడా పడుతుంది. అప్పుడు వాళ్లు ఆ కీలు రద్దు చేస్తారు. ఈలోపు ఆ కీ నాలుగైదు చేతులు మారి మీ దాకా వచ్చి ఉంటుంది. డిసెంబరులో కొన్నది మార్చిలో పోవడం, పది మందిదీ పది రోజుల్లోనే పోవడం చూస్తే నాకు ఇదే అయి ఉంటుందనిపిస్తోంది. ఖాయంగా చెప్పగలిగేది మాత్రం ఆ కీలు ఎక్కడివో తెలిసినవాళ్లే.

ఇలాంటిది పెద్ద స్థాయిలోనూ జరిగింది. ఫ్యాక్టోరియో అనే ఆట చేసిన చెక్ దేశపు చిన్న కంపెనీ వూబ్, దొంగ కీలు జీ2ఏ అనే అమ్మకాల సైటులో తిరుగుతున్నాయని ఫిర్యాదు చేసింది. బయటి ఆడిట్‌లో రుజువైతే నష్టానికి పది రెట్లు ఇస్తామని ఆ సైటు ముందే మాట ఇచ్చి ఉంది. తనిఖీలో 198 కీలు అలాంటివని తేలింది. 2020 మే నెలలో దాదాపు 40 వేల డాలర్లు కట్టారు. మీరు దాచుకున్న 3,400 రూపాయలు ఎక్కడో ఇలాంటి చిన్న జట్టు జేబులోంచి పోయి ఉండొచ్చు. మిమ్మల్ని నొప్పించాలని అనడం లేదు. మీరు నష్టపోయిన చోటే ఇంకొకరు కూడా నష్టపోయారని గుర్తుంటే, ఆట చేసిన కంపెనీకి మీరు రాసే మెయిల్ తీరు మారుతుంది.

ఆ మెయిల్ రాయమనే నేను చెబుతున్నాను. స్టోర్‌కి రాస్తే, బయట కొన్న కీకి మాకు సంబంధం లేదంటారు, అది వాళ్ల నియమం. ఆట చేసిన కంపెనీకి మాత్రం రాయండి. 2015 జనవరిలో ఫార్ క్రై 4 కీలు కొన్ని మోసపు కార్డులతో కొన్నవని యూబీసాఫ్ట్ రద్దు చేసింది. తర్వాత, అప్పటికే యాక్టివేట్ చేసి ఆడటం మొదలుపెట్టిన వాళ్లకు తిరిగి ఇచ్చింది. మీకూ అలాగే ఇస్తారని భరోసా లేదు. అడిగితే పోయేది లేదు. ఎవరి దగ్గర, ఎంతకు, ఏ తేదీన కొన్నారో దాచకుండా రాయండి. ఎందుకు రద్దయిందో ఒక్క వాక్యంలో వాళ్లు జవాబిచ్చినా అది మీకు పెద్ద ఆధారం.

ఇప్పుడు మీ స్నేహితుడు.

అతను మోసగాడా, మోసపోయినవాడా? మీరు రాసినదాన్ని బట్టి నేను తేల్చలేను, మీరూ తేల్చలేకపోతున్నారు. తేల్చే మార్గం మాత్రం ఒకటుంది. ఫోన్ పక్కన పెట్టి వెళ్లి ఎదురుగా కూర్చోండి. డబ్బు సంగతి మొదట ఎత్తొద్దు. "ఆ కీలు నువ్వు ఎవరి దగ్గర కొన్నావు, ఎంత కట్టావు, చూపించు" అని ఒకే ఒక్కటి అడగండి. నిజంగా సప్లయర్ హ్యాండిస్తే ఆ సప్లయర్‌కి కట్టిన లెక్కలు, చాట్‌లు అతని దగ్గర ఉండి తీరాలి. అవి చూపిస్తే మీరిద్దరూ ఒకే గట్టున ఉన్నట్టు. అప్పుడు ఆ సప్లయర్ మీద 1930 సైబర్ క్రైమ్ నంబరుకి ఫిర్యాదు చేయాల్సింది అతనే, మీరు పక్కన నిలబడొచ్చు. నెలలు గడిచాయి కాబట్టి ఆ డబ్బు అకౌంట్లలో ఆగి ఉంటుందని అనుకోను. అయినా ఫిర్యాదు నమోదై ఉండటం అతనికే మంచిది, రేపు ఎవరైనా అతని మీదే కేసు పెడితే చెప్పుకోవడానికి ఒక కాగితం ఉంటుంది. ఏమీ చూపించకుండా "నన్నే నమ్మవా మామా" అంటే, మీకు కావలసిన జవాబు అందులోనే వచ్చేసింది.

ఒక్క విషయంలో నేను అతన్ని వెనకేసుకు రాలేను. పది మంది ఆటలు పోయాక, వాళ్ల నోరు కట్టేసి, అదే గ్రూపులో కొత్త ఆట అమ్మకానికి పెట్టాడు. పాత కీలు ఎక్కడివో తేల్చుకోకుండా కొత్తవి అమ్మడం పొరపాటు కిందికి రాదు. మీరు అతనితో మాట్లాడేటప్పుడు ఆ అమ్మకం ఆపమని తప్పకుండా అడగండి. డబ్బు వచ్చినా రాకపోయినా ఇంకో పది మందికి ఇదే జరగకూడదు.

కంప్లయింట్ నిలబడుతుందా అని అడిగారు. ఎప్పుడో ఒకసారి సొంత వస్తువు అమ్ముకున్న మామూలు మనిషికి ఈ-కామర్స్ నియమాలు వర్తించవు. కానీ మూడేళ్లుగా గ్రూపు పెట్టి, రేట్లు వేసి, రోజూ అమ్మేవాడు ఆ మినహాయింపులోకి వస్తాడని నాకు అనిపించదు. అది వ్యాపారమే. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. మీరు ఉండే చోటే వేయొచ్చు, అంటే హైదరాబాద్‌లోనే, కాకినాడ తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే పెట్టొచ్చు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. పది మందిదీ ఒకే కష్టం కాబట్టి కమిషన్ అనుమతితో కలిసి కూడా వేయొచ్చు. మధ్యలో రాజీకి కూడా ఆ చట్టంలో దారి ఉంది. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ తెలుగులోనూ పలుకుతుంది, కానీ అది ఎక్కువగా కంపెనీలతో మాట్లాడి పరిష్కరించే చోటు. మీ ఆన్‌లైన్ ఆటకు అది పనికొస్తుంది, స్నేహితుడి విషయంలో అంతగా పనికిరాకపోవచ్చు.

దీనికి మీరు చెల్లించే ధర కూడా ఆలోచించుకోండి. వాయిదాలుంటాయి, నెలలు పడుతుంది. మీ పేరు ఫిర్యాదులో ఉంటే స్నేహితుడి తరఫు వాళ్లు మొదట అడిగేది మీ మూడు ఉచిత కీల గురించే. పరువు గురించి మీ నాన్నగారి భయం కూడా చిన్నది కాదు, ఆ ఇద్దరు పెద్దవాళ్లూ సాయంత్రం ఒకే దారిలో వాకింగ్‌కి వెళ్లే మనుషులు. అయితే ఆయన ఒక వైపు నుంచే చూస్తున్నారని నా అభిప్రాయం. ఊళ్లో మొహం చూపించుకోవడం గురించి ఆయన ఆలోచిస్తున్నారు, మీరు రోజూ చూపించుకోవాల్సిన మొహం ఆఫీసు క్యాంటీన్‌లో ఉంది. కుదిరితే కోర్టు కంటే ముందు ఆ ఇద్దరు మాస్టార్లనే కూర్చోబెట్టండి. కొడుకులు ముప్పై ఏళ్లకు దగ్గరపడ్డారు కదా, పెద్దవాళ్లను లాగడమేంటని మీకనిపించవచ్చు. అవతలివాడు ఫోన్ ఎత్తనప్పుడు ఇల్లు తెలిసిన మనుషులే దారి. దాని వల్ల పరువు పోతుందని అనుకోను. కమిషన్ నోటీసు ఇంటికి వెళ్లే కంటే ఇది మెత్తని దారే.

ఏ దారి పట్టినా ఈ రాత్రే ఒక పని చేయండి. వాట్సాప్ చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. అడ్మిన్ మిమ్మల్ని గ్రూపులోంచి తీసేసే లోపు స్క్రీన్‌షాట్లు తీసుకోండి. ఫోన్‌పే చెల్లింపుల నంబర్లు, రద్దు మెయిల్, లైబ్రరీ ఫొటో, అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టండి. మిగతా తొమ్మిది మందినీ అలాగే చేయమనండి.

మీ కొలీగ్ చెప్పిన దారి మాత్రం వద్దు. డబ్బు మీకు తెలియకుండా పోయిందని బ్యాంకుకు రాస్తే అది అబద్ధం. మీరే పిన్ కొట్టి పంపారు, "కీ వచ్చింది, థాంక్స్ మామా" అన్న మెసేజ్ చాట్‌లో ఉంది. నిజంగా మోసపోయిన మనిషి ఒక్క అబద్ధంతో తన పక్కన ఉన్న న్యాయాన్ని పోగొట్టుకుంటాడు. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. కోపంలో ఎవరైనా స్టోర్‌లో సక్రమంగా కొన్న ఆటల మీద కార్డు ఛార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి లాగమని బ్యాంకును అడగడం, పెట్టే ఆలోచన చేస్తే ఆపండి. స్టోర్ ఆ వివాదం తేలేదాకా అకౌంట్‌ని కట్టడి చేస్తుంది. ఒక ఆట డబ్బు కోసం ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న లైబ్రరీ మొత్తం ఇరుక్కుంటుంది.

మీ గ్రూపులో ఇద్దరు ఆఫ్‌లైన్ యాక్టివేషన్ కూడా తీసుకున్నారని రాశారు. అంటే వేరేవాళ్ల అకౌంట్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇస్తారు, ఒకసారి లాగిన్ అయి ఇంటర్నెట్ ఆపేసి ఆడుకోవాలి. కొన్నిసార్లు అమ్మేవాడు దూరం నుంచి కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్ యాప్‌తో మన కంప్యూటర్‌లోకి వచ్చి తనే ఏదో ఫైలు రన్ చేస్తాడు. ఆ ఇద్దరూ ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేస్తుంటే ఈరోజే పాస్‌వర్డ్‌లు మార్చుకోవాలి, వీలైతే విండోస్ మళ్లీ వేయించుకోవాలి. 1,600 పోవడం దీని ముందు చిన్న విషయం.

ఇక మీరు నిజంగా రాసిన ఉత్తరం దీని గురించేనని నాకనిపిస్తోంది: తొమ్మిది మందికి మీరు కట్టాలా?

చట్టం ప్రకారం అమ్మింది మీరు కాదు. డబ్బు మీ చేతికి రాలేదు. మీరు కట్టాల్సిన అప్పు ఇది కాదని ఎవరైనా చెబుతారు. కానీ మీ మాట మీద కొన్నారు, ఆ మాటకు మీకు మూడు ఆటలు ముట్టాయి. మీకు నిద్ర పట్టనివ్వనిది 14,400 అనుకోను. ఆ మూడు ఆటల సంగతి వాళ్లకు తెలియకపోవడమే.

అంతా మీరే కట్టేస్తే భారం దిగుతుంది, కొన్నాళ్లు. కానీ కొత్తగా పెళ్లయిన ఇంట్లో 14,400 చిన్న మొత్తం కాదు, మీ శ్రీమతి గారికి చెప్పకుండా కట్టకండి. పైగా మీరు గుట్టుగా కట్టేస్తే మీ స్నేహితుడి బాకీ కూడా గుట్టుగానే తీరిపోతుంది, అతని గ్రూపు హాయిగా నడుస్తుంది. ఏమీ కట్టకుండా "నేనూ పోగొట్టుకున్నాను కదా" అని ఊరుకోవచ్చు, అదీ అబద్ధం కాదు. కాకపోతే ఉచిత కీల సంగతి రేపు మీ స్నేహితుడి నోటి నుంచే బయటపడితే, ఇన్నాళ్లూ మీరు పంచుకున్న నష్టం కూడా వాళ్లకు నాటకంలా కనిపిస్తుంది. మధ్యలో ఒకటుంది. మీకు ముట్టిన మూడు కీల విలువ, అప్పటి గ్రూపు రేటు ప్రకారం లెక్కేసి, తొమ్మిది మందికీ పంచడం. తలా ఐదారు వందల దాకా రావచ్చు. నష్టం పూడదు. కానీ వాళ్ల వల్ల మీకొచ్చిన లాభం మీ దగ్గర మిగలదు. నా మనసు దీని వైపే మొగ్గుతోంది. మీ ఇంటి పరిస్థితి మీకు తెలుసు కాబట్టి ఎంతన్నది మీరే తేల్చుకోండి. ఏది ఎంచుకున్నా మూడు ఆటల మాట మాత్రం ముందు మీ నోటితోనే చెప్పండి.

ఆ ట్రైనీ అమ్మాయితో విడిగా, అందరికంటే ముందు మాట్లాడండి. "నేను చేర్పించినందుకు నాకు ఆటలు ఇచ్చాడు, అది నీకు చెప్పలేదు" అనండి. ఆమె ఏమంటుందో వినండి. మధ్యలో స్నేహితుడి మీదకు నెట్టకండి. తమ్ముడి కోసం మొదటి జీతంలోంచి తీసిన డబ్బు ఆమెది. పూర్తిగా తిరిగి ఇవ్వాల్సినవాళ్లు ఒక్కరే ఉంటే అది ఆమేనని నేననుకుంటాను. ఆమె వద్దంటే బలవంతం చేయొద్దు.

ముందు ముందు కొనడం గురించి ఎక్కువ చెప్పను, ఈ విద్య మీకు నాకంటే తెలుసు. ధర ఎక్కువనిపిస్తే ఆరు నెలలు ఆగండి, పెద్ద స్టోర్లే సేల్‌లో సగానికి ఇస్తాయి. కొని దాచుకోవాలనిపించే ఆటలకు గాగ్ (GOG) అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్ లాంటి చోట చూడండి. అక్కడ ఇన్‌స్టాలర్‌ని మన హార్డ్‌డిస్క్‌లోకి దించుకోవచ్చు, తర్వాత స్టోర్‌ని అడగకుండానే ఆడుకోవచ్చు. ఎప్పుడూ ఆన్‌లైన్‌లో ఉండాల్సిన ఆట అయితే సినిమా టికెట్ కొన్నంత లెక్కలోనే డబ్బు పెట్టండి. కొన్న రోజే ఒక గంట ఆడి చూడండి, మీ కంప్యూటర్‌లో సరిగ్గా నడవకపోతే 2 గంటలు దాటకముందే రీఫండ్ అడగండి. చాలామంది సెట్టింగులు మారుస్తూ కూర్చుని ఆ 2 గంటలు దాటించేస్తారు, ఆ సమయం కూడా లెక్కలోకే వస్తుంది.

చివరిగా గడువు సంగతి. వినియోగదారుల ఫిర్యాదుకు రెండేళ్ల సమయం ఉంది. మీ ఆట రద్దయింది మార్చి 9న. కొన్న తేదీ నుంచే లెక్కేసుకున్నా ఇంకా చాలా నెలలున్నాయి. మీ స్నేహితుడికి నెల రోజులు టైమ్ ఇవ్వడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. ఇవ్వండి. ఏ తేదీ దాకా ఆగుతారో అతని ఎదురుగా చెప్పి, అదే మాట ఇంటికొచ్చాక మెసేజ్‌లో కూడా పెట్టండి.